నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేషన్ చదివేవాళ్లకు: ముందు కాగితం, తర్వాత కమాండ్

నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేషన్ కోర్సులో తడబడేవాళ్లకు చాలావరకు కమాండ్లు వచ్చే ఉంటాయి. ఎంటర్ కొట్టాక ఏం జరగాలో ముందే చెప్పమంటేనే నోరు పెగలదు. అందుకే ఈ చదువుకు ఒక్క అలవాటు చాలా దూరం పనికొస్తుంది. ఏ కమాండ్ కొట్టే ముందైనా ఫలితం ఎలా ఉండాలో నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి. కొట్టాక సరిచూడండి. రాసింది తప్పయితే ఎందుకు తప్పయిందో తేలేదాకా ముందుకు కదలకండి. మొదటి నెలలో నడక నత్తలా ఉంటుంది, రెండో సెమిస్టర్‌కి అదే పరుగవుతుంది.

సిలబస్ ఏ వరుసలో ఉన్నా, మీ సొంత సాధన మాత్రం ఇలా సాగితే మంచిది: బైనరీ లెక్కలు, సబ్‌నెట్లు (నెట్‌వర్క్‌ని విడగొట్టిన ముక్కలు), ఈథర్నెట్, ఏఆర్‌పీ (ఐపీ అడ్రస్‌ని బట్టి ఆ కార్డు మ్యాక్ అడ్రస్ కనుక్కునేది), లినక్స్ కమాండ్ లైన్, స్విచింగ్, రౌటింగ్, ఆపైన డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచేది), డీఎన్‌ఎస్ (పేరుకి అడ్రస్ చెప్పేది) లాంటి సేవలు, చివర ఫైర్‌వాల్, పర్యవేక్షణ, ఆటోమేషన్. లినక్స్‌ని వెనక్కి నెట్టకండి. సర్వర్లే కాదు, చాలా రౌటర్లు, స్విచ్‌ల లోపల నడిచేది కూడా అదే. నెట్‌వర్క్ పనిని ఏడు పొరలుగా విడదీసి చూపే ఓఎస్ఐ నమూనా 1984లో ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చింది. వాడుకలో నిలిచింది మాత్రం ఇంటర్నెట్‌ని నడిపే టీసీపీ/ఐపీ. అయినా ఓఎస్ఐని పక్కన పడేయొద్దు. తప్పు వెతికేటప్పుడు కింది మెట్టు నుంచి పైకి ఎక్కడానికి అంతకంటే మంచి నిచ్చెన లేదు.

ఇంట్లో ల్యాబ్

కాలేజీ ల్యాబ్‌లో వారానికి దొరికే రెండు మూడు గంటలు చాలవు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో, నెట్‌వర్క్ పరికరాలు చేసే సిస్కో కంపెనీ సాఫ్ట్‌వేర్ ప్యాకెట్ ట్రేసర్ హాయిగా నడుస్తుంది. దానితోపాటు గ్రాఫిక్స్ లేని లినక్స్ వర్చువల్ మెషిన్లు రెండు మూడు పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి 512 ఎంబీ నుంచి 1 జీబీ ఇస్తే సరిపోతుంది. జీఎన్‌ఎస్3, ఈవ్-ఎన్‌జీ అనే ఎమ్యులేటర్లతో పెద్ద టోపాలజీలు (నెట్‌వర్క్ అమరికలు) కట్టాలంటే 16 జీబీ ఉండాలి. వాటిలో నడిపే సిస్కో లాంటి కంపెనీల రౌటర్ ఇమేజ్‌లకు (సాఫ్ట్‌వేర్ ఫైళ్లకు) లైసెన్సు కావాలి, ఎక్కడో దొరికినవి దించుకోకండి. లినక్స్‌ని రౌటర్‌లా పని చేయించే ఎఫ్‌ఆర్‌రౌటింగ్ ఓపెన్ సోర్స్, ఉచితం. రౌటర్లు దారుల్ని ఒకదానికొకటి చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్, బీజీపీ పద్ధతులు రెండూ దానిమీదే నేర్చుకోవచ్చు.

ప్యాకెట్ ట్రేసర్ అసలు పరికరాన్ని అనుకరించే బొమ్మ. అసలు పరికరంలో ఉండే కమాండ్లు కొన్ని అందులో ఉండవు. అక్కడ ఒక కమాండ్ పని చేయలేదంటే మీదే తప్పని తేల్చేసుకోకండి.

అన్నిటికన్నా చిన్న ల్యాబ్‌కి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఒక లినక్స్ మెషిన్, రూట్ (అడ్మిన్) అనుమతి ఉంటే చాలు. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అంటే అదే మెషిన్‌లో ఉండే మరో విడి నెట్‌వర్క్ లోకం. దానికి సొంత ఇంటర్‌ఫేస్‌లు, సొంత రౌటింగ్ టేబుల్ (ఏ అడ్రస్‌కి ఏ దారో చెప్పే పట్టిక) ఉంటాయి. ఇలా కట్టండి:

1. ఐపీ నెట్‌ఎన్‌ఎస్ యాడ్ కమాండ్‌తో రెండు నేమ్‌స్పేస్‌లు చేయండి, ఎర్ర, నీలం అనుకుందాం.
2. ఐపీ లింక్ యాడ్‌తో ఒక వీఈత్ జత చేయండి. ఇది రెండు కొసలున్న కేబుల్ లాంటిది.
3. ఒక కొసను ఎర్రలోకి, మరో కొసను నీలంలోకి పంపండి.
4. ఇప్పుడు అడ్రసులివ్వండి: ఎర్రకు 10.0.0.1/24, నీలానికి 10.0.0.2/24.
5. రెండు కొసల్ని, రెండు చోట్లా లూప్‌బ్యాక్‌ని (మెషిన్ తనతో తాను మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్‌ని) అప్ చేయండి. ఎర్ర నుంచి 10.0.0.2కి పింగ్ (పలుకుతుందా అని పంపే పలకరింపు) కొట్టండి.

మూడు, నాలుగు అడుగులు తారుమారైతే పని చెడుతుంది. ఇంటర్‌ఫేస్‌ని వేరే నేమ్‌స్పేస్‌లోకి పంపగానే దాని అడ్రస్ చెరిగిపోయి, అది డౌన్ అయిపోతుంది. లూప్‌బ్యాక్ అప్ చేయడం మరిచిపోతే పక్కవాడికి పింగ్ వెళ్తుంది గానీ, తనకు తాను పింగ్ చేసుకోలేదు. మెషిన్ రీస్టార్ట్ చేస్తే మొత్తం మాయం. అందుకే కమాండ్లన్నీ ఒక స్క్రిప్ట్ ఫైల్‌లో పెట్టుకోండి. ఆటోమేషన్ పాఠానికి అదే నాంది.

సబ్‌నెట్ లెక్క

ఇక్కడ నెమ్మదిగా వెళ్లడమే లాభం. ప్రశ్న ఇలా ఉంటుంది: 192.168.10.0/24 ఇచ్చారు, అంటే 32 బిట్లలో మొదటి 24 నెట్‌వర్క్‌వి, మిగిలిన 8 బిట్లతో 0 నుంచి 255 వరకు 256 అడ్రసులు. ఒక విభాగానికి 100, ఇంకోదానికి 50, మూడోదానికి 25 హోస్టులు (అడ్రస్ కావాల్సిన మెషిన్లు), రెండు రౌటర్ల మధ్య లింకుకు 2 అడ్రసులు కావాలి.

పెద్దదానితో మొదలుపెట్టండి. 100 కావాలంటే 128 అడ్రసుల గది, అంటే /25. అందులో వాడుకోగలిగేవి 126, ఎందుకంటే మొదటిది నెట్‌వర్క్ అడ్రస్, చివరిది బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే అడ్రస్). అది 0 నుంచి 127 వరకు. 50కి 64 గది, /26, 128 నుంచి 191. 25కి 32 గది, /27, 192 నుంచి 223. లింకుకు /30, 224 నుంచి 227. ఇంకా 228 నుంచి 255 దాకా మిగులు.

చిన్నదానితో మొదలుపెట్టినవాళ్లు పడే గోతిని చూడండి. 25 హోస్టులకు 0 నుంచి 31 ఇచ్చేసి, వెంటనే 32 దగ్గర 50 హోస్టుల /26 మొదలుపెడతారు. అలాంటి సబ్‌నెట్ లేనే లేదు. /26 గదులు 0, 64, 128, 192 దగ్గరే మొదలవుతాయి. గది మొదలయ్యే అంకె ఆ గది సైజుతో నిశ్శేషంగా భాగింపబడాలి. 192.168.10.32/26 అని రాస్తే పరికరం దాన్ని 0 నుంచి 63 వరకున్న గదిలోని ఒక హోస్ట్‌గా చూస్తుంది. అలా అది మీరిచ్చిన మొదటి గదిని మింగేస్తుంది. రౌటర్ మీద అయితే అడ్రసులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయని ఎర్రర్ వస్తుంది. కాగితం మీద రాసినప్పుడు మాత్రం ఎవరూ ఆపరు, మార్కులు పోతాయి.

రోజుకు ఐదు లెక్కలు, చేత్తోనే, మూడు వారాలు చేయండి. ఆన్‌లైన్ కాలిక్యులేటర్ జవాబు సరిచూసుకోవడానికి మాత్రమే. 128, 192, 224, 240, 248, 252 అనే మాస్క్ (నెట్‌వర్క్ బిట్లు ఎన్నో చెప్పే అంకె) వరుస ఎక్కాల్లా నోటికి రావాలి. పాత ఏ, బీ, సీ క్లాసుల గురించి చదవండి గానీ వాటితో లెక్కలు కట్టకండి. 1993లో ఏ సైజు గదైనా కట్టనిచ్చే సీఐడీఆర్ వచ్చాక వాటికి పని లేదు.

రౌటర్ నుంచి పింగ్ వెళ్తుంది, పీసీ నుంచి వెళ్లదు

స్టాటిక్ రౌటింగ్ (దారులు చేత్తో రాసే) ల్యాబ్‌లో ఇది దాదాపు అందరికీ ఎదురయ్యే చిక్కు. దీన్ని దగ్గరగా చూస్తే రౌటింగ్ సగం అర్థమైనట్టే.

మూడు రౌటర్లు వరుసగా ఉన్నాయి. మొదటిదాని వెనక 192.168.10.0/24, మూడోదాని వెనక 192.168.30.0/24. మొదటికీ రెండోదానికీ మధ్య 10.0.12.0/30, రెండోదానికీ మూడోదానికీ మధ్య 10.0.23.0/30. మొదటి రౌటర్‌లో 192.168.30.0/24కి రూట్ (దారి) రాశారు. రెండోదానిలో రెండు వైపులకూ రాశారు. మూడోదానిలో మాత్రం 10.0.12.0/30కి రాసి, 192.168.10.0/24ని మరిచిపోయారు.

ఇప్పుడు మొదటి రౌటర్ మీద కూర్చుని అవతలి పీసీకి పింగ్ కొడితే జవాబు వస్తుంది. దారి బాగుందనుకుంటారు. పీసీ నుంచి కొడితే రాదు. కారణం సోర్స్ అడ్రస్, అంటే ప్యాకెట్ ఎవరి పేరుతో వెళ్తోందన్నది. రౌటర్ తన పింగ్‌కి బయటికి వెళ్లే ఇంటర్‌ఫేస్ అడ్రస్‌ని, అంటే 10.0.12.1ని వేసుకుంటుంది. దానికి తిరుగు దారి మూడో రౌటర్‌కి తెలుసు. పీసీ పింగ్ మాత్రం 192.168.10.x పేరుతో వెళ్తుంది. అది అవతలి పీసీదాకా చేరుతుంది, ఆ పీసీ జవాబు కూడా ఇస్తుంది. ఆ జవాబు మూడో రౌటర్ దగ్గరికొచ్చి, రూట్ లేక అక్కడే పడిపోతుంది.

పీసీ నుంచి ట్రేస్‌రూట్ (దారిలోని రౌటర్లను వరసగా చూపే కమాండ్) కొడితే ఇంకా తికమక. మొదటి హాప్ (రౌటర్) కనిపిస్తుంది, రెండోది కనిపిస్తుంది, మూడో వరుస నుంచి నక్షత్రాలే. చూసినవాళ్లు రెండో, మూడో రౌటర్ల మధ్య కేబుల్ తెగిందనుకుని అక్కడ తవ్వడం మొదలుపెడతారు. నిజానికి ప్యాకెట్ మూడో రౌటర్‌ని చేరింది. టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) అయిపోయిందని అది చెప్పాలనుకున్నా, ఆ కబురు పంపడానికి దానికి దారి తెలియదు.

కాబట్టి రౌటర్ మీద పరీక్షించేటప్పుడు ఎక్స్‌టెండెడ్ పింగ్ వాడి, సోర్స్‌గా ల్యాన్ (పీసీలున్న వైపు) ఇంటర్‌ఫేస్ అడ్రస్ ఇవ్వండి. పింగ్ రాలేదంటే రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి: వెళ్లిందా? తిరిగొచ్చిందా? మొదటిదానికి జవాబు అవతలి పీసీలో ప్యాకెట్ క్యాప్చర్ (వచ్చే పోయే ప్యాకెట్లను పట్టి చూపేది) పెడితే పది సెకన్లలో తేలిపోతుంది.

ఇంకో చిన్న భయం కూడా ఇక్కడే తీర్చుకోండి. సిస్కో రౌటర్ మీద మొదటిసారి ఐదు పింగ్‌లు పంపితే ఒక చుక్క, నాలుగు ఆశ్చర్యార్థకాలు వస్తాయి, 80 శాతం అని చూపిస్తుంది. ఏఆర్‌పీ అవతలి మ్యాక్ అడ్రస్ కనుక్కునేలోపు మొదటి ప్యాకెట్ పోయింది, అంతే. రెండోసారి కొట్టండి, ఐదూ వస్తాయి.

ఓఎస్‌పీఎఫ్‌కి వచ్చేసరికి రెండు రౌటర్ల మధ్య పొరుగు సంబంధం కుదరకపోతే చూడాల్సినవి కొన్నే: ఏరియా నంబర్, సబ్‌నెట్ మాస్క్, హెలో, డెడ్ టైమర్లు (ఎన్ని సెకన్లకోసారి పలకరించాలి, ఎంతసేపు వినపడకపోతే పోయిందనుకోవాలి), పాస్‌వర్డ్. ఈథర్నెట్ మీద టైమర్ల డిఫాల్ట్ 10, 40 సెకన్లు. ఆ సంబంధం ఇనిట్ స్థితి దగ్గర ఆగితే మీకు అవతలివారి హెలో వస్తోంది, మీది అటు చేరడం లేదు. ఎక్స్‌స్టార్ట్ దగ్గర ఆగితే ముందు ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూడండి, ఒకవైపు 1500, మరోవైపు ఇంకోటి ఉండొచ్చు. టూ-వే దగ్గర ఆగితే కంగారు పడకండి. ఒకే స్విచ్‌కు నాలుగైదు రౌటర్లు తగిలించినప్పుడు డీఆర్, బీడీఆర్ (అందరి తరఫున పెద్దగా, దానికి బదులుగా ఎన్నికైనవి) కాని రెండిటి మధ్య అదే మామూలు స్థితి.

స్విచ్‌ల దగ్గర

వీల్యాన్ అంటే ఒకే స్విచ్ మీద కట్టిన విడి నెట్‌వర్క్. వీల్యాన్ ట్యాగ్ అంటే ఈథర్నెట్ ఫ్రేమ్‌లో (ప్యాకెట్‌ని మోసే కవరులో) చేరే 4 బైట్లు. అందులో 12 బిట్లు వీల్యాన్ నంబర్‌వి, అందుకే వాడుకోగలిగేవి 1 నుంచి 4094. ఇంతవరకు సులువే. చేతులు కాలేది ట్రంక్ (అనేక వీల్యాన్లను మోసే లింకు) దగ్గర. ఇప్పటికే 10, 20 వీల్యాన్లు వెళ్తున్న ట్రంక్‌కి 30 కలపాలి. స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30 అని కొడితే 30 చేరుతుంది, 10, 20 పోతాయి. ఆ కమాండ్ జాబితాను మార్చేస్తుంది. మధ్యలో యాడ్ అనే మాట ఉంటేనే కలుపుతుంది. మీరు ఆ ట్రంక్ మీదుగానే దూరం నుంచి లాగిన్ అయి ఉంటే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే.

దీనికి ముందుజాగ్రత్త ఒకటుంది. ప్రమాదం ఉన్న మార్పుకు ముందు రీలోడ్ ఇన్ 10 కొట్టండి. అంతకుముందే పాత కాన్ఫిగరేషన్ సేవ్ అయి ఉండాలి, కొత్త మార్పును సేవ్ చేయకూడదు. కనెక్షన్ తెగి లోపలికి వెళ్లలేకపోతే పది నిమిషాల్లో పరికరం రీస్టార్ట్ అయి పాత స్థితికి వస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ చేసి, అప్పుడు సేవ్ చేయండి. ల్యాబ్‌లో అవసరం లేకపోయినా అలవాటు చేసుకోండి.

స్విచ్‌ల మధ్య ఫ్రేమ్‌లు గుండ్రంగా తిరగకుండా అదనపు దారిని మూసే స్పానింగ్ ట్రీని పరీక్ష కోసం బట్టీ పట్టకుండా, లేకపోతే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూడండి. విడిగా ఉన్న ల్యాబ్ స్విచ్‌లు రెండిటి మధ్య రెండు కేబుళ్లు పెట్టి, స్పానింగ్ ట్రీ ఆపేసి, ఒక్క ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ పంపండి. లైట్లన్నీ ఆగకుండా కొట్టుకుంటాయి. ఈథర్నెట్ ఫ్రేమ్‌కి టీటీఎల్ లేదు కాబట్టి అది తనంతట చావదు, కేబుల్ పీకాలి. కాలేజీ నెట్‌వర్క్‌కి తగిలించిన స్విచ్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

1985లో కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీలో రూట్ స్విచ్ (చెట్టుకు మొదలు) ఎంపిక తక్కువ ప్రయారిటీ అంకెని బట్టి, అది సమానమైతే చిన్న మ్యాక్ అడ్రస్‌ని బట్టి జరుగుతుంది. ప్రయారిటీ డిఫాల్ట్ అన్నిచోట్లా 32768. మీరు మార్చకపోతే మూలనున్న పాత స్విచ్ రూట్ అయి కూర్చోవచ్చు, పాతవాటి మ్యాక్ తరచూ చిన్నది. మధ్యలో ఉన్న స్విచ్‌కి మీరే తక్కువ ప్రయారిటీ ఇవ్వండి. స్పానింగ్ ట్రీ పాత రూపమైన 802.1డీలో పోర్ట్ తెరుచుకోవడానికి రెండు దశల్లో 15 చొప్పున 30 సెకన్లు పడుతుంది. పీసీ పెట్టగానే అడ్రస్ రాకపోవడానికి ఒక్కోసారి ఈ ఆలస్యమే కారణం. పీసీలుండే పోర్టులకు ఆ ఆలస్యాన్ని దాటేసే పోర్ట్‌ఫాస్ట్ పెడితే సరి.

కేబుల్ సంగతి క్లుప్తంగా: కనెక్టర్‌లో తీగల రంగుల 568బీ వరుస తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కనెక్టర్ దగ్గర మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లు దాటకూడదు. పై తొడుగు కూడా కనెక్టర్ లోపలికి వెళ్లి నొక్కుకోవాలి, లేదంటే నాలుగుసార్లు లాగేసరికి తీగలు ఊడతాయి. మొత్తం పొడవు 100 మీటర్ల లోపు. లింక్ లైట్ వెలుగుతున్నా వేగం మరీ తక్కువగా ఉంటే డ్యూప్లెక్స్ (ఫుల్ అంటే పంపడం, వినడం ఒకేసారి, హాఫ్ అంటే వంతులవారీగా) చూడండి. ఒకవైపు ఆటో, మరోవైపు చేత్తో 100 ఫుల్ అని పెడితే, ఆటో ఉన్నవైపు హాఫ్‌కి దిగుతుంది. ఒకచోట లేట్ కొలిజన్లు (ఆలస్యంగా ఢీకొట్టడాలు), రెండోచోట సీఆర్‌సీ ఎర్రర్లు (పాడైన ఫ్రేమ్‌లు) పెరుగుతూ కనిపిస్తాయి.

క్యాప్చర్ చదవడం

ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్‌ని మొదటి వారం నుంచే తెరవండి. 1998లో ఈథరీయల్ పేరుతో మొదలైన ఈ సాధనం 2006లో ఈ పేరుకు మారింది. మొదటి సాధనగా డీహెచ్‌సీపీ పట్టండి. డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, యాక్ అనే నాలుగు ప్యాకెట్లు వరుసగా కనిపించాలి. క్లయింట్ పోర్ట్ 68, సర్వర్ పోర్ట్ 67. డిస్కవర్ సోర్స్ 0.0.0.0, గమ్యం 255.255.255.255. బ్రాడ్‌కాస్ట్ రౌటర్ దాటదు కాబట్టి సర్వర్ వేరే సబ్‌నెట్‌లో ఉంటే రౌటర్ మీద రిలే (ఆ అడుగును సర్వర్‌కి అందించేది) పెట్టాలి, సిస్కోలో దాని పేరు ఐపీ హెల్పర్-అడ్రస్. దాన్ని సర్వర్ వైపు ఇంటర్‌ఫేస్ మీద పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. క్లయింట్లున్న వైపు పెట్టాలి. పీసీకి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే దానికి ఏ సర్వరూ పలకలేదన్నమాట.

తర్వాత టీసీపీ. ఎస్‌వైఎన్ (కనెక్షన్ కోసం తలుపు తట్టే ప్యాకెట్) పంపితే ఏ జవాబూ లేకుండా టైమ్‌అవుట్ అయితే మధ్యలో ఫైర్‌వాల్ మింగుతోంది, లేదా దారి లేదు, లేదా ఆ మెషిన్ లేదు. వెంటనే ఆర్‌ఎస్‌టీ (కనెక్షన్ వద్దనే ప్యాకెట్) వస్తే, చాలావరకు మెషిన్ ఉంది, ఆ పోర్ట్ మీద ఏ సర్వీసూ వినడం లేదు. సర్వీస్ నడుస్తోందని కనిపిస్తున్నా రెఫ్యూజ్డ్ అంటుంటే, సర్వర్ మీద ఎస్ఎస్ కమాండ్‌తో ఏ అడ్రస్ మీద వింటోందో చూడండి. 127.0.0.1 (ఆ మెషిన్‌కే పరిమితమైన లూప్‌బ్యాక్ అడ్రస్) మీద మాత్రమే వింటుంటే బయటివాళ్లకు తలుపు మూసినట్టే.

క్యాప్చర్ కూడా ఒక్కోసారి కళ్లకు గంతలు కడుతుంది. మీ మెషిన్ నుంచి వెళ్లే ప్యాకెట్లకు చెక్‌సమ్ (ప్యాకెట్ పాడవలేదని చూసే లెక్క) తప్పని చూపిస్తే, ఆ లెక్క నెట్‌వర్క్ కార్డు తర్వాత వేస్తుంది కాబట్టి అది తప్పు కాదు. స్విచ్‌లో ఇతరుల సంభాషణ మీ పోర్ట్‌కి రాదు, చూడాలంటే ఇతర పోర్టుల ప్యాకెట్లను నకలు తీసే మిర్రర్ పోర్ట్ పెట్టుకోవాలి.

డీఎన్‌ఎస్ సర్వర్ ల్యాబ్‌లో రెండు తప్పులు కాచుకుని ఉంటాయి. జోన్ ఫైల్‌లో (ఆ డొమైన్ పేర్ల జాబితాలో) పూర్తి పేరు రాసి చివర చుక్క పెట్టకపోతే డొమైన్ పేరు రెండుసార్లు అతుక్కుంటుంది. ఫైల్ మార్చి అందులోని ఎస్ఓఏ రికార్డులో సీరియల్ నంబర్ పెంచకపోతే, నకలు ఉంచుకునే సెకండరీ సర్వర్ పాతదే పట్టుకుని కూర్చుంటుంది. సీరియల్‌కి తేదీ వాడండి, 2025011501 లాగా, చివరి రెండంకెలు ఆ రోజు ఎన్నో మార్పో చెబుతాయి.

ఫైర్‌వాల్, ఐపీవీ6, అనుమతులు

రౌటర్ యాక్సెస్ లిస్ట్‌ని (ఏ ప్యాకెట్‌ని పంపాలో, ఏది ఆపాలో చెప్పే జాబితాని) పైనుంచి కిందికి చదువుతుంది, మొదట కలిసిన వరుస దగ్గర ఆగిపోతుంది. చివర కనిపించని డినై (మిగిలినవన్నీ ఆపేసే వరుస) ఒకటి ఎప్పుడూ ఉంటుంది. భద్రత పేరుతో ఐసీఎంపీ (పింగ్‌ని, ఎర్రర్ కబుర్లను మోసేది) మొత్తం ఆపేయకండి. ప్యాకెట్ పెద్దదైందన్న కబురు కూడా అందులోనే వస్తుంది. అది రాకపోతే లాగిన్ బాగానే ఉండి, పెద్ద పేజీలు, ఫైళ్లు మాత్రం మధ్యలో బిగుసుకుపోతాయి. ఐపీవీ6లో (కొత్త తరం ఐపీ అడ్రసుల్లో) అయితే ఐసీఎంపీ ఆపితే పొరుగువాళ్ల మ్యాక్ అడ్రసే దొరకదు, అక్కడ ఏఆర్‌పీ లేదు, ఆ పనీ ఐసీఎంపీదే. ఐపీవీ6ని చివరి యూనిట్ అని వదిలేయకుండా, ప్రతి ల్యాబ్‌నీ రెండోసారి ఐపీవీ6 /64 సబ్‌నెట్లతో కట్టండి.

పోర్ట్ స్కాన్ల (ఏ పోర్టులు తెరిచున్నాయో వెతకడం) సాధన మీ సొంత ల్యాబ్ లోపలే జరగాలి. క్యాంపస్ నెట్‌వర్క్‌ని స్కాన్ చేయాలంటే రాతపూర్వక అనుమతి తీసుకోండి. సరదాగా చేశానన్న మాట ఎక్కడా చెల్లదు.

సర్టిఫికేషన్ కావాలనుకుంటే, సిస్కో ఇచ్చే సీసీఎన్‌ఏకి సబ్‌నెట్, స్విచింగ్, ఓఎస్‌పీఎఫ్ కోర్సులోవే పనికొస్తాయి. దాని 200-301 పరీక్ష 120 నిమిషాలు, పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. మూడో సంవత్సరం ముందే రాస్తే ఉద్యోగం వెతికేనాటికి గడువు దగ్గరపడుతుంది, తేదీ చూసుకుని రాయండి.

ల్యాబ్ పరీక్ష రోజు

ప్రశ్న చదవగానే కీబోర్డ్ ముట్టుకోకండి. మొదటి పది నిమిషాలు బొమ్మ గీసి, ప్రతి ఇంటర్‌ఫేస్ పక్కనా అడ్రస్, మాస్క్, వీల్యాన్ రాయండి. తర్వాత ఒక పరికరం పూర్తిచేసి, పక్కదానికి పింగ్ వచ్చాకే మూడోదానికి వెళ్లండి. అన్నీ కట్టేసి చివర్లో పరీక్షిస్తే తప్పు ఎక్కడుందో వెతకడానికే సమయం చాలదు. సిస్కో రౌటర్ ఇంటర్‌ఫేస్‌లు మొదట షట్‌డౌన్‌లోనే ఉంటాయి, నో షట్‌డౌన్ మరిచారేమో ముందు అదే చూడండి. ఏదో పని చేయనప్పుడు ఒకేసారి మూడు మార్పులు చేయొద్దు. ఒకటి మార్చండి, చూడండి, ఫలితం లేకపోతే దాన్ని వెనక్కి తీసి ఇంకోటి ప్రయత్నించండి. ముగించే ముందు రన్నింగ్ కాన్ఫిగరేషన్‌ని స్టార్టప్‌లోకి కాపీ చేసి, పరికరాలు రీస్టార్ట్ చేసి, పీసీ నుంచి పీసీకి ఇంకొక్కసారి పింగ్ కొట్టండి. వీల్యాన్లు, రూట్లు అన్నీ తిరిగొచ్చాయో లేదో అప్పుడే తెలుస్తుంది. దీనికి కనీసం పది నిమిషాలు మిగుల్చుకోండి, స్విచ్‌లు లేవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది.